మా కథ నమ్మారు, అయినా కాదన్నారు. ఇక కోర్టుని ఏమని అడగాలి?

బ్రాంప్టన్ నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి, సారాంశం ఇస్తున్నాను.

ఆమెకి 31 ఏళ్ళు. నల్గొండ జిల్లాలో భూములున్న కుటుంబం. కాలేజీలో పరిచయమైన అబ్బాయిని 2021లో రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నారు. అతను దళితుడు. తండ్రి కొన్నాళ్ళకి మెత్తబడ్డారు గానీ మేనమామ వదల్లేదు. ‘మిర్యాలగూడలో ఏమైందో మర్చిపోయారా’ అని ఫోన్ చేసి మరీ అడిగాడట. 2018లో అక్కడ జరిగిన పరువు హత్య గురించి వినని తెలుగువాళ్ళు తక్కువ కాబట్టి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎఫ్ఐఆర్ రాయలేదు, రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టి ‘కౌన్సెలింగ్’ చేసి పంపారు. హైదరాబాద్‌లో ఆరు నెలలు ఉండి విశాఖపట్నం మారారు. అక్కడ ఇల్లు అద్దెకి తీసుకున్న నాలుగో నెలలో మామయ్య మనుషులు గుమ్మంలో నిలబడ్డారు. 2023లో విజిటర్ వీసా మీద కెనడా వచ్చి రెఫ్యూజీ క్లెయిమ్ పెట్టుకున్నారు.

రెఫ్యూజీ కేసుల్ని మొదట వినే ఆర్‌పీడీ అనే విభాగం కాదంది. అందరూ ‘రాడ్’ అనే అప్పీల్ విభాగంలో ఈమధ్యే అదీ పోయింది. "అక్కా, విచిత్రం ఏంటంటే మేం చెప్పిందంతా నిజమేనని తీర్పులో రాశారు. మామయ్య బెదిరించాడని నమ్మారు. విశాఖ దాకా వచ్చాడని నమ్మారు. చివరికి, కోల్‌కతా వెళ్ళి బతకొచ్చు కదా అన్నారు. అబద్ధం అని ఉంటే కాదు నిజమేనని వాదించేవాళ్ళం. నమ్మి కూడా కాదంటే ఇక కోర్టుని ఏమని అడగాలి?"

తీర్పు మెయిల్‌లో వచ్చిన నాలుగు రోజులకి గానీ భర్త ఆమెకి చెప్పలేదు. పాపకి పదకొండు నెలలు, ఇక్కడే పుట్టింది. ఆమె వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నారు. ఇంతవరకూ కేసు నడిపిన కన్సల్టెంట్ ‘కోర్టు కాగితాలు కూడా నేనే తయారుచేసిస్తా, మీ పేరు మీద మీరే వేసుకోండి’ అని నాలుగు వేల డాలర్లు అడిగాడు. భర్తకి అన్న వరసయ్యే ఒకాయన, మామయ్య కోల్‌కతాలో కూడా వెతుకుతున్నాడని సర్పంచ్ చేత లెటర్ రాయించి తెప్పిస్తానన్నాడు. ఇంకో స్నేహితుడు ‘ఇవన్నీ ఎందుకు, అడ్రస్ మార్చేసి గుట్టుగా ఉండండి’ అన్నాడు.

ఉత్తరం చివర్లో, ఇది ఎవరికీ చెప్పలేదంటూ రాసిన నాలుగు మాటలు: "నాకు అలసటగా ఉంది అక్కా. ఇంకా పోరాడే ఓపిక లేదు. కానీ ఆయన నా వల్లే వాళ్ళమ్మని వదిలేసి వచ్చారు. ఈ మాట ఆయనతో ఎలా అనను?"

అమ్మా,

మీ ఉత్తరం చేరిన సాయంత్రమే గడువు గురించి మెయిల్ పెట్టాను. గురువారం లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికిందని, కోర్టుకి వెళ్ళాలో వద్దో మాత్రం ఇంకా తేల్చుకోలేదని జవాబిచ్చారు. కాబట్టి మిగతా సంగతులు ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు. టొరంటోలో ఇలాంటి కేసుల్లో చాలా ఏళ్ళు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేశాను. ఏ గదిలో ఏం జరుగుతుందో చూశాను గానీ మీ కేసు ఏమవుతుందో చెప్పగల చదువు నాకు లేదు. గురువారం ఏం అడగాలో తెలిసి వెళ్ళడానికి ఇది పనికొస్తే చాలు.

గడువు మాట మళ్ళీ చెప్తున్నాను, ఎందుకంటే మీ వారు చెప్పకుండా దాచిన నాలుగు రోజులూ అందులోంచే పోయాయి. రాడ్ తీర్పు మీకు అందిన రోజు నుంచి 15 రోజుల్లో ఫెడరల్ కోర్టులో దరఖాస్తు పడాలి. ఆదివారాలూ ఆ లెక్కలోనే ఉంటాయి. ఆ రోజుకి వేయాల్సింది చిన్న ఫారమే. ఫీజు 50 డాలర్లు. వాదనలు, అఫిడవిట్, మిగతా కట్ట తర్వాత ఇవ్వచ్చు. దానికి నియమాల్లో ఉన్నది 30 రోజులు. కేసులు బాగా పేరుకుపోవడంతో 2025 మేలో కోర్టు దాన్ని తాత్కాలికంగా 75కి పెంచింది. మీకు ఏది వర్తిస్తుందో లాయర్ చెప్తారు. కానీ మొదటి 15 రోజులు మాత్రం అలా పెరగలేదు.

ఆలస్యమైతే గడువు పెంచమని అడగొచ్చు, కారణం బలంగా ఉంటే జడ్జి ఒప్పుకోవచ్చు కూడా. అయినా ఒకటి పోతుంది. రాడ్ తీర్పు మీద గడువులోపల కోర్టుకి వెళ్తే, కోర్టు తేల్చేదాకా మిమ్మల్ని దేశం నుంచి పంపడం మామూలుగా దానంతటదే ఆగుతుంది. గడువు దాటి, పెంచమని అడుగుతూ వేసిన దరఖాస్తుకి ఈ స్టే రాదు. అప్పుడు పంపించే తేదీ వచ్చాక హడావుడిగా విడిగా స్టే కోసం పరుగెత్తాలి. కేసులో గట్టి ప్రశ్న ఉందని, పంపిస్తే సరిదిద్దలేని హాని జరుగుతుందని, తూకం మీవైపే మొగ్గుతుందని మూడూ చూపించాలి. పదహారో రోజున వెళ్ళిన ఒక కుటుంబం ఆ పరుగు పరుగెత్తడం దగ్గర్నుంచి చూశాను. మీకా టెన్షన్ వద్దు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. నమ్మి కాదంటే కోర్టుని ఏమని అడగాలి?

కోర్టుని మీ కథ నమ్మమని అడగరు. ఇది అప్పీల్ కాదు, జ్యుడీషియల్ రివ్యూ, న్యాయ సమీక్ష. ఇక్కడ జడ్జి మీ జీవితాన్ని కాదు, మీ చేతికొచ్చిన ఆ తీర్పుని చదువుతారు. మేనమామ ప్రమాదకరమైనవాడా కాదా అన్నది ఆయన తేల్చరు. రాడ్ సభ్యుడు, అంటే అక్కడ తీర్పు రాసిన మనిషి, ఆ నిర్ణయానికి వచ్చిన దారి సవ్యంగా ఉందా, ముఖ్యమైన సాక్ష్యాన్ని వదిలేశారా, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి తర్కం అందుతోందా అని చూస్తారు. జడ్జి తన మనసులో మీకు హోదా ఇవ్వాల్సిందే అనుకున్నా, తీర్పు సహేతుకంగా ఉందనిపిస్తే కదిలించరు. ఈ కొలబద్దని కెనడా సుప్రీంకోర్టు 2019 డిసెంబర్‌లో వావిలోవ్ కేసులో స్థిరపరిచింది. పేరు మన వావిలాల వారిలా వినపడుతుంది గానీ, అది రష్యన్ గూఢచారులకి టొరంటోలో పుట్టిన కొడుకు పౌరసత్వం గొడవ. లాయర్ ఆఫీసులో ఆ పేరు పదిసార్లు వినిపిస్తుంది, కంగారు పడకండి.

కోల్‌కతా మాటని వీళ్ళ భాషలో ఐఎఫ్ఏ అంటారు. స్వదేశంలోనే ఇంకోచోట క్షేమంగా బతకగలిగితే పరాయి దేశం ఆశ్రయం ఇవ్వక్కర్లేదన్నది దాని సారం. మన దేశం నుంచి వచ్చే కేసులు ఎక్కువగా దీనిమీదే పడిపోతాయి, దేశం అంత పెద్దది కాబట్టి. ఇందులో రెండు ప్రశ్నలుంటాయి. అక్కడ మీకు ప్రమాదం ఉందా, అంటే మీ మామయ్యకి మిమ్మల్ని అక్కడిదాకా వెతికే పంతమూ వెతకగల దారీ ఉన్నాయా అన్నది మొదటిది. ఉన్న పరిస్థితుల్లో మిమ్మల్ని అక్కడికి వెళ్ళమనడం న్యాయమేనా అన్నది రెండోది. ఈ పద్ధతి 1990ల మొదట్లో రసరత్నం, తిరునావుక్కరసు అనే రెండు కేసుల్లో స్థిరపడింది. ఇద్దరూ శ్రీలంక తమిళులు. జాఫ్నా వైపు నుంచి పారిపోయినవాళ్ళని కొలంబోలో ఉండొచ్చు కదా అని అడిగిన ప్రశ్నే, ముప్ఫై ఏళ్ళ తర్వాత నల్గొండ అమ్మాయి దగ్గర కోల్‌కతా రూపంలో ఆగింది.

రెండో ప్రశ్న మీద ఆశ పెట్టుకోకండి. బెంగాలీ రాదు, బంధువులు లేరు, చంటిపిల్ల ఉంది, అద్దె ఇల్లు దొరకడం కష్టం, ఇవన్నీ నిజమే అయినా సరిపోవు. ప్రాణం మీదకి వచ్చేంత పరిస్థితి చూపించాలని కోర్టులు ఎప్పుడో గట్టిగా చెప్పాయి. మీ ఉత్తరంలో రెండు పేజీలు దీనిమీదే ఉన్నాయి. అవి చదువుతుంటే నాకు బాధేసింది గానీ, లాయర్‌కి ఇచ్చే అరగంట వాటిమీద ఖర్చుపెట్టకండి.

మీరు ఫోటోలు తీసి పంపిన మూడు పేజీల్లో నన్ను ఆపింది వేరే వాక్యం. 27వ పేరాలో ఉంది: విశాఖపట్నంలో తమని ఎలా కనిపెట్టారో అప్పీలుదారులు వివరించలేదు, కాబట్టి మామయ్యకి మరో రాష్ట్రంలో కనిపెట్టే దారి ఉందనడానికి ఆధారం లేదు, అని. మీ ఉత్తరం అయిదో పేజీ చూస్తే అలా లేదు. ఇంటి ఓనర్ టెనెంట్ వెరిఫికేషన్ కోసం మీ ఇద్దరి ఆధార్ జిరాక్సులు స్టేషన్‌లో ఇచ్చాడు, రెండు వారాలకే మామయ్య మీ వారి కొత్త నంబర్‌కి ఫోన్ చేశాడు, మామయ్య అల్లుడు పోలీసు శాఖలో ఉన్నాడు. ఈ సంగతి హియరింగ్‌లో చెప్పానని కూడా రాశారు. ‘సభ్యురాలు ఆధార్ అంటే ఏంటని అడిగితే నేనే చెప్పాను’ అన్నారు.

మీరన్నట్టే అది రికార్డులో ఉంటే, కోర్టుని అడగాల్సింది అదే. నన్ను నమ్మండి అని కాదు, ‘వివరించలేదు అన్నారే, ఇదిగో వివరించాను, రికార్డింగ్‌లో ఇన్నో నిమిషం దగ్గర’ అని. అద్దెకి దిగితే ఆధార్ ఇవ్వడం విశాఖలో ఎంతో కోల్‌కతాలోనూ అంతే కదా, కాబట్టి అది చిన్న వివరం కాదు, కోల్‌కతా తీర్పు మొత్తం దాని మీదే నిలబడి ఉంది. వదిలేసిన సాక్ష్యం ఎంత ముఖ్యమైనదైతే, దాన్ని చూడకుండానే తీర్పు రాశారని జడ్జి అనుకోవడానికి అంత వీలుంటుంది. 1998 నాటి సెపెడా-గుటియెర్రెజ్ తీర్పు నుంచీ కోర్టులో నడుస్తున్న మాట ఇది.

మరి ఇదే గెలుపు అనుకుంటున్నారేమో, ఆగండి. ఆర్‌పీడీలో మీరు చెప్పారు సరే. రాడ్‌కి పెట్టిన అప్పీల్ వాదనలో ఆ సంగతి ఉందా? అక్కడ ఎత్తని పాయింట్‌ని తీసుకొచ్చి ‘రాడ్ పట్టించుకోలేదు’ అంటే జడ్జీలు సాధారణంగా ఇష్టపడరు. ఆ వాదన రాసింది మీ కన్సల్టెంట్. మీరు దాన్ని చదవలేదని రాశారు, ఇంగ్లీషులో ముప్ఫై పేజీలు ఉందని సంతకం పెట్టేశామన్నారు. గురువారానికి ముందు ఆ కాపీ తెప్పించుకోండి. మీ ఫైల్ అడిగి తీసుకునే హక్కు మీది, మొహమాటం వద్దు. హియరింగ్ రికార్డింగ్ కూడా అడగండి.

ఇక ఆ నాలుగు వేల డాలర్ల సంగతి. కన్సల్టెంట్‌కి లైసెన్స్ ఉండొచ్చు, ఆర్‌పీడీలో, రాడ్‌లో మీ తరఫున కూర్చునే అర్హత ఉండొచ్చు. ఫెడరల్ కోర్టులో మాత్రం వాళ్ళు మీ తరఫున నిలబడలేరు. మీ అంతట మీరు వాదించుకోవాలి, లేదా లాయర్‌ని పెట్టుకోవాలి. ‘నేను రాసిస్తా, మీ పేరు మీద వేసుకోండి’ అనే పద్ధతిలో రేపు జడ్జి ప్రశ్న వేస్తే జవాబు చెప్పాల్సింది మీరే. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటి ఉంది. విశాఖ సంగతి అప్పీల్‌లో లేకపోతే అది ఆయన చేసిన పొరపాటు. తన పొరపాటుని తానే కోర్టు కాగితంలో రాస్తాడా? పాత ప్రతినిధి అసమర్థత వల్ల అన్యాయం జరిగిందని కోర్టులో అనాలంటే ముందుగా అతనికి నోటీసు ఇచ్చి జవాబుకి అవకాశమివ్వాలి. ఆ తప్పు లేకపోతే ఫలితం వేరేగా ఉండేదని చూపించాలి. అది కష్టమైన దారి, కోపంతో పట్టాల్సింది కాదు. పట్టాలో వద్దో చెప్పడానికి మాత్రం ఈ కేసులో ఇంతవరకూ వేలు పెట్టని మనిషి కావాలి.

డబ్బు విషయానికొస్తే, లీగల్ ఎయిడ్ ఒంటారియో ఇలాంటి కేసులకీ సాయం చేస్తుంది. మీ ఆదాయమూ చూస్తారు, కేసులో పస ఉందా అనీ చూస్తారు. గురువారం మొదటి పది నిమిషాల్లోనే లాయర్ ఫీజుకి లీగల్ ఎయిడ్ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుంటారా అని అడిగేయండి. సొంత డబ్బైతే ఫీజు రెండు ముక్కలుగా చెప్పమనండి, అనుమతి దశకి ఇంత, హియరింగ్‌కి ఇంత అని. ఓడిపోతే ప్రభుత్వం లాయర్ ఖర్చు కూడా మన నెత్తిన పడుతుందా అని మీ వారు అడిగారట. ఇమిగ్రేషన్ కేసుల్లో ప్రత్యేక కారణం ఉంటే తప్ప ఖర్చులు వేయరు.

అనుమతి దశ అన్నాను కదా, అది చాలామందికి తెలియదు. నేరుగా హియరింగ్ ఉండదు. ముందు ఒక జడ్జి కాగితాలు మాత్రమే చూసి, ఇది వినదగ్గ కేసేనా అని తేలుస్తారు. దాన్ని ‘లీవ్’ అంటారు. చాలా కేసులు ఇక్కడే ఆగిపోతాయి. మామూలుగా కారణాలు రాయరు, దానిమీద అప్పీల్ లేదు. నేను చూసిన కుటుంబాలకి ఓటమి కన్నా ఆ ఒక్క లైను ఉత్తర్వే ఎక్కువ బాధపెట్టింది. రెండేళ్ళు ఎదురుచూస్తే ఇదా జవాబు అని. మీకు ముందే చెప్తున్నాను, అలా రావచ్చు. లీవ్ దొరికితే హియరింగ్ 30 నుంచి 90 రోజుల మధ్యలో పెడతారు. మీరు సాక్ష్యం చెప్పక్కర్లేదు, లాయర్లే మాట్లాడతారు. ఒక్కోసారి ప్రభుత్వం తరఫు లాయరే తీర్పులో లోపం ఉందని ఒప్పుకుని, హియరింగ్ దాకా పోకుండా కేసుని వెనక్కి పంపడానికి సరేనంటారు.

గెలిస్తే ఏమొస్తుంది? హోదా రాదు. పాత తీర్పు కొట్టేసి, రాడ్‌లో ఇంకో సభ్యుడి దగ్గరికి పంపుతారు. మళ్ళీ మొదటి నుంచి చూస్తారు, మళ్ళీ కాదనొచ్చు కూడా. ‘కోర్టులో గెలిచాం’ అని స్వీట్లు పంచి, ఆరు నెలల తర్వాత నాకు ఫోన్ చేసి ఏడ్చినవాళ్ళున్నారు. అసలు రెఫ్యూజీలకి ఎదురెదురుగా కూర్చుని చెప్పుకునే హియరింగే ఒకప్పుడు హక్కుగా ఉండేది కాదు. 1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీంకోర్టు సింగ్ కేసులో తీర్పిచ్చాకే అది వచ్చింది. ఆ కేసులో ఎక్కువమంది మన దేశం నుంచి వచ్చిన సిక్కులే.

సర్పంచ్ లెటర్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అందులో ఆలోచించాల్సింది లేదు. రివ్యూలో జడ్జి చూసేది రాడ్ ముందున్న కాగితాలే, కొత్తవి మామూలుగా లోపలికే రావు. అంటే ఆ లెటర్ కోర్టులో పనికిరాదు. ఎక్కడ పనికొస్తుందంటే, ముందుముందు మీరు పెట్టుకునే ఏ దరఖాస్తులోనైనా మీ మీద అనుమానానికి. ఇంతవరకూ మీ కేసులో ఉన్న ఒకే ఒక్క బలం, మీ మాట నమ్మారన్నది. సర్పంచ్ లెటర్లు నేను చాలా అనువదించాను. మూడు జిల్లాల నుంచి వచ్చిన మూడు లెటర్లలో అదే వాక్యం, అదే అచ్చుతప్పు చూశాను. నాకు కనపడింది వాళ్ళకి కనపడదా? మామయ్య నిజంగా మళ్ళీ ఎవరినైనా పంపితే, ఫోన్ చేస్తే, అది వేరే సంగతి. తేదీతో సహా దాచుకోండి.

అడ్రస్ మార్చేయమన్న స్నేహితుడు మంచివాడే అయ్యుండొచ్చు. కానీ మీ మీద ఇప్పుడున్నది డిపార్చర్ ఆర్డర్, దేశం వదిలి వెళ్ళమనే ఉత్తర్వు. అది అమల్లోకి వచ్చాక 30 రోజుల్లో, బయల్దేరే చోట సరిహద్దు అధికారులైన సీబీఎస్ఏ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని వెళ్తే, రేపు మళ్ళీ రావడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ఆ 30 రోజులు దాటితే అదే డిపోర్టేషన్ ఆర్డర్‌గా మారుతుంది. ఇక ఎన్నేళ్ళకి రావాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. దాక్కుంటే వారెంట్, దొంగచాటు పని, పాపకి జ్వరమొచ్చినా ఆస్పత్రి మెట్లెక్కడానికి భయం. పాప మాత్రం కెనడా పౌరురాలు, ఆ భయం తనకి అక్కర్లేదు. మీ భయమే తనకి అంటుకుంటుంది.

పాప ఇక్కడ పుట్టింది కాబట్టి మమ్మల్ని పంపరు కదా అని మీ వారు అన్నారట. పంపుతారు. బిడ్డ పౌరసత్వం తల్లిదండ్రులకి రక్షణ కాదు. పాప వల్ల వేరే తలుపు ఒకటి తెరుచుకుంటుంది. మానవతా కారణాలపై శాశ్వత నివాసం అడిగే దరఖాస్తు, హెచ్ అండ్ సీ అంటారు. క్లెయిమ్ పోయాక మామూలుగా 12 నెలల దాకా అది పెట్టకూడదు. పంపించడం వల్ల ఒక బిడ్డ మేలుకి నేరుగా దెబ్బ తగులుతుందని చూపిస్తే ఆ నిషేధం వర్తించదు. పంపే ముందు ప్రమాదాన్ని మళ్ళీ అంచనా వేయమనే ‘ప్రా’ దరఖాస్తుకీ 12 నెలల ఆగుడుంది. కన్సల్టెంట్లు చెప్పని మెలిక ఒకటి ఇక్కడుంది. మీరు కోర్టుకి వెళ్ళి ఓడిపోతే, ఈ రెండు లెక్కలూ కోర్టు కాదన్న రోజు నుంచి మొదలవుతాయి. అంటే కోర్టు మీకు సమయం ఇస్తుంది, దాంతోపాటు ఆ తలుపులని కొంచెం దూరం జరుపుతుంది. పైగా హెచ్ అండ్ సీ పెట్టినంత మాత్రాన పంపడం ఆగదు. మీ కేసులో ఏది ముందు, ఏది వెనక అన్నది గురువారం అడగాల్సిన రెండో పెద్ద ప్రశ్న.

ఇక ఉత్తరం చివరి మాట.

వెళ్ళిపోవాలనుకోవడం తప్పు కాదు. మీరు దాన్ని నేరంలా రాశారు. గౌరవంగా, సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళి, తెలియని ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళని ఎరుగుదును. కాకపోతే అది అలసటతో తీసుకునే నిర్ణయం కాకూడదు, ఎందుకంటే విశాఖలో జరిగింది కోల్‌కతాలో జరగదని చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. కులాంతర వివాహాలు చేసుకున్నవాళ్ళకి రక్షణగా జిల్లాకో ప్రత్యేక విభాగం పెట్టాలని, సేఫ్ హౌస్‌లు ఆలోచించాలని మన సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో చెప్పింది. ఆ ఆదేశం ఉండగానే మీకు దక్కింది కౌన్సెలింగ్. ఒకవేళ వెళ్ళాలనుకుంటే, ఎక్కడికి, ఎవరి పేరు మీద ఇల్లు, ఎవరికి అడ్రస్ తెలుస్తుంది అన్నది ఇక్కడుండగానే కాగితం మీద రాసుకోవాలి. కేసు నడుస్తుండగా దేశం వదిలితే కేసుకి అర్థం లేకుండా పోవచ్చు, అదీ గుర్తుపెట్టుకోండి.

నాకు అర్థమైనంతలో మీరిద్దరూ రెండు ప్రశ్నల్ని ఒకటిగా కట్టేసుకున్నారు. ఇక్కడ ఉండాలా వెళ్ళాలా అన్నది ఒకటి, దానికి నెలలు పట్టొచ్చు. ఈ 15 రోజుల్లో దరఖాస్తు వేయాలా అన్నది ఇంకోటి. వేసిన దరఖాస్తుని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. వేస్తే మీరు పోరాటానికి ఒప్పుకున్నట్టు కాదు. పంపడం ఆగి ఉన్నంతకాలం వర్క్ పర్మిట్ పొడిగింపు అడగొచ్చు, పాపకి నడక వచ్చేదాకా ఊపిరి తీసుకోవచ్చు. ఆ మధ్యలో వెళ్దామని ఇద్దరూ అనుకుంటే వెళ్ళొచ్చు. నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా లాయర్ తీర్పంతా చదివి ఇందులో పస లేదంటే నా మాట పక్కన పెట్టేయండి. అప్పుడు ఆ డబ్బు వేరే దరఖాస్తుకి దాచుకోవడమే తెలివి.

కాగితం మీద మీరు ఆయన వెనకాల పేరు కాదు. ఆయనా దరఖాస్తుదారే, మీరూ దరఖాస్తుదారే. గురువారం ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఒక పది నిమిషాలు విడిగా మాట్లాడాలని లాయర్‌ని అడగొచ్చు, అందులో వింత లేదు. ఆయనతో ఎలా అనాలి అన్నారు. ఆయన తీర్పుని నాలుగు రోజులు దాచారు చూడండి, నాకైతే అది మోసంలా అనిపించలేదు. మీ మొహం చూసి చెప్పలేకపోయారు. మీరూ అలసటని దాస్తున్నారు. ‘నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదు’ అని నిలదీయకుండా, ‘ఆ నాలుగు రోజులూ ఒక్కడివే ఎలా మోశావు’ అని అడిగి చూడండి. ఆయన జవాబు అయ్యాక మీ మాట చెప్పడం అంత కష్టం కాదు. వాళ్ళమ్మగారి విషయంలో మీరు బాకీ పడ్డట్టు రాశారు. ఆ పెళ్ళి రిజిస్టర్‌లో ఉన్నవి రెండు సంతకాలు.

గురువారానికి వెంట తీసుకెళ్ళాల్సినవి: తీర్పు, అది వచ్చిన మెయిల్ తేదీ కనిపించేలా ప్రింట్, క్లెయిమ్‌కి మీ కథ రాసిచ్చిన మొదటి బీఓసీ ఫారం, అప్పీల్ వాదన కాపీ, రికార్డింగ్. విశాఖ ఓనర్ వెరిఫికేషన్ ఫారం నింపుతున్నప్పుడు మీ వారు ఫోన్‌లో ఫోటో తీశారని, అది కన్సల్టెంట్‌కి పంపామో లేదో గుర్తులేదని రాశారు. ఈ రాత్రి షిఫ్ట్‌కి వెళ్ళేలోపు ఇద్దరూ కూర్చుని ఆ పాత ఫోన్ చార్జింగ్ పెట్టి వెతకండి. ఫోటో దొరకడం ఒక్కటే కాదు, దాన్ని కన్సల్టెంట్‌కి ఏ తేదీన పంపారో వాట్సాప్‌లో ఉంటుంది, ఆ స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి.